ఆర్‌సీసీబీని తప్పించింది బావే అని తెలిశాక

పాఠకుడి ఉత్తరం

చెన్నై ఓఎమ్మార్ మీద ఒక పెద్ద అపార్ట్‌మెంట్‌లో మెయింటెనెన్స్ ఎలక్ట్రీషియన్‌గా పనిచేస్తున్న పాఠకుడు ఈ ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. సొంతూరు నాయుడుపేట దగ్గర. ఐటీఐ చేశారు. భార్య, ఇద్దరు పిల్లలు. ఆయన్ని చెన్నై తీసుకొచ్చి ఈ ఉద్యోగంలో పెట్టించింది పెద్దక్క భర్త. ఆ బావే అదే సైట్‌లో సూపర్‌వైజర్.

ఆ అపార్ట్‌మెంట్ స్విమ్మింగ్ పూల్‌ను రెండేళ్ల కిందట ఉప్పునీటి పద్ధతికి మార్చారు. పంప్ రూమ్ నేలమట్టానికి కింద ఉంది. అప్పటినుంచి అక్కడి కనెక్టర్లన్నీ పచ్చగా చిలుము పట్టిపోతున్నాయి. ఎమెరీ పేపర్‌తో గీకి, స్ప్రే కొట్టి, టేప్ చుడితే మూడు వారాలు బాగుంటాయి. తర్వాత మళ్లీ మొదటికే. మొన్న పంప్ ఎర్త్ వైర్ పట్టుకుంటే లగ్గుతో (వైర్ కొసన బిగించే లోహపు ముక్క) సహా చేతిలోకి ఊడి వచ్చింది. అనుమానం వచ్చి ప్యానెల్ తెరిచారు. కరెంట్ భూమికి కారితే లైన్ కట్ చేసే రక్షణ స్విచ్ ఆర్‌సీసీబీ దాని చోట అది ఉంది, కానీ వైర్లు దానిలోంచి పోవడం లేదు, నేరుగా ఎంసీబీకి (లోడ్ మితిమీరితే పడే స్విచ్) కలిపేసి ఉన్నాయి. రాత్రిళ్లు ఊరికే ట్రిప్ అవుతోందని బావే అలా కలిపాడని తోటి పనివాడు చెప్పాడు. వారం తిరక్కముందే ఒక తల్లి వచ్చి, "నిచ్చెన పట్టుకుంటే చీమలు కుట్టినట్టుందని మా పాప అంటోంది, కొంచెం చూడండి" అని చెప్పి వెళ్లింది.

ఆ మాట బావ చెవిన వేస్తే, "వేసవి సెలవులు. ఇప్పుడు పూల్ మూస్తే అసోసియేషన్ వాళ్లు మన కాంట్రాక్టే తీసేస్తారు. కనెక్టర్లు శుభ్రం చేసి నడిపించు" అన్నాడట. ఆర్‌సీసీబీ సంగతి తనకు తెలుసని ఈయన ఇంకా బయటపడలేదు. "అక్క కాపురంలో నిప్పులు పోయొద్దు, మనకెందుకు" అంటోంది భార్య. "కనెక్టర్లు మళ్లీ పాడవకుండా ఏం చేయాలి? మిగతాది ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి? నాలుగు రోజులుగా నిద్ర లేదు" అని ముగించారు.

సమాధానం

మీ ఉత్తరంలో కనెక్టర్ల సంగతి, బావ సంగతి ఒకదానికొకటి చుట్టుకుపోయి ఉన్నాయి. విడదీసి మాట్లాడతాను. రెండింటికీ ముందు చేయాల్సిన పని ఒకటుంది. దానికి మాత్రం మీకు రెండో దారి చూపించలేను.

ఇది చదివే సమయానికి పూల్ ఇంకా తెరిచే ఉంటే, ముందు పూల్ ప్యానెల్ మెయిన్ ఆఫ్ చేయండి. తర్వాత నిచ్చెన, రెయిలింగ్ ముట్టుకోకుండా అందరినీ గట్టు మీదుగా బయటికి రమ్మనండి. మెయిన్‌కు తాళం వేసి తాళంచెవి మీ జేబులో పెట్టుకోండి. "కరెంట్ పరీక్ష పూర్తయ్యేదాకా పూల్ మూసివేత" అని గేటు మీద అంటించండి. మెయిన్ ఆఫ్ చేశాం కదా, ఈత కొట్టుకోనిద్దాం అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఆ కరెంట్ పూల్ ప్యానెల్ నుంచే వస్తోందని ఇంకా తేలలేదు. బిల్డింగ్ ఎర్త్ నుంచో, మరో లైన్ నుంచో కూడా నిచ్చెనకు రావచ్చు. ఫిల్టర్ ఆగితే ఈ ఎండలకు నీళ్లు పచ్చబడతాయి, నిజమే. పచ్చబడ్డ నీళ్లను క్లోరిన్ ఎక్కువ మోతాదు వేసి, ఫిల్టర్‌ను బ్యాక్‌వాష్ చేసి (నీళ్లు వెనక్కి తోసి కడిగి) మళ్లీ బాగుచేసుకోవచ్చు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానో వినండి. చీమలు కుట్టినట్టు అనిపించడానికి ఒంట్లోంచి ఒక మిల్లీ ఆంపియర్ అటూ ఇటూ పోతే చాలు. పది మిల్లీ ఆంపియర్లు దాటేసరికి పెద్దవాళ్లకే కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్నది వదల్లేరు. పిల్లలకు అంత కూడా అక్కర్లేదు. నేల మీదైతే అరుస్తారు, పక్కవాళ్లు చూస్తారు. నీళ్లలో కండరాలు బిగుసుకుంటే పిల్ల చప్పుడు లేకుండా మునిగిపోతుంది. గుండె ఆగేంత కరెంట్ రానవసరం లేదు. ఇవాళ ఒకటిగా ఉన్నది రేపు పది కావడానికి ఎంతో సమయం పట్టదు. ఒక వాన కురిసి జంక్షన్ బాక్స్‌లో నీళ్లు చేరినా, పంప్ వైండింగ్ ఇన్సులేషన్ ఇంకాస్త దిగజారినా చాలు. అలాంటి లీకేజీ 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే 0.3 సెకన్ల లోపే లైన్ కట్ చేయడానికే ఆర్‌సీసీబీ ఉంది. మీ ప్యానెల్‌లో అది ఉన్నా లేనట్టే.

ఆ పాప మాట విని పైకి వచ్చి చెప్పిన తల్లి మీకు చాలా పెద్ద సాయం చేసింది. ఆమెకు "ఏం లేదమ్మా" అని మాత్రం అనొద్దు. ఏ నిచ్చెన, ఏ టైమ్, పాప కాళ్లు నీళ్లలో ఉన్నాయా గట్టు మీద ఉన్నాయా అని అడిగి లాగ్ బుక్‌లో రాయండి. లైట్లు వెలుగుతున్న వేళా, పంప్ తిరుగుతున్న వేళా అన్నది తెలిస్తే లీకేజీ వెతకడం సగం పూర్తయినట్టే.

ఇక కనెక్టర్లు. మీరు మూడు వారాలకోసారి శుభ్రం చేస్తున్నవి చాలావరకు పంప్‌కు, ఉప్పునీళ్ల నుంచి క్లోరిన్ తయారుచేసే క్లోరినేటర్‌కు కరెంట్ తీసుకెళ్లేవి. వాటికి చిలుము పడితే మిషనే చెబుతుంది. పంప్ ఆగుతుంది, ప్లగ్గు దగ్గర మాడిన వాసన వస్తుంది, క్లోరినేటర్ డిస్‌ప్లే మీద ఎర్రర్ వస్తుంది, పై నుంచి ఫోన్ వస్తుంది. ఎర్త్ కనెక్టర్ పూర్తిగా ఊడిపోయినా పంప్ హాయిగా తిరుగుతుంది. ఎవరూ ఫోన్ చేయరు. మీ చేతిలోకి ఊడివచ్చిన ఆ లగ్గు ఎన్ని నెలలుగా పేరుకే వేలాడుతోందో చెప్పలేం. అందుకే రిపేర్ ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే, ఎవరూ కంప్లయింట్ చేయని ఎర్త్ దగ్గర మొదలుపెట్టమంటాను. పంప్ బాడీ ఎర్త్, ప్యానెల్ ఎర్త్ బార్, ఎర్త్ పిట్‌లో జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పట్టీకి బిగించిన క్లాంప్, నిచ్చెన. ఈ నాలుగూ చూశాకే మిగతావి.

నిచ్చెన ఎందుకంటే, పూల్ చుట్టూ చేతికి అందే ప్రతి ఇనుప, స్టీలు వస్తువునూ, కాంక్రీటులోని కడ్డీలనూ, పంప్ బాడీనీ రాగి తీగతో ఒకటిగా కలపాలి. దీన్నే ఈక్విపొటెన్షియల్ బాండింగ్ అంటారు. అన్నీ ఒకే వోల్టేజ్ మీద ఉంటే నిచ్చెనకూ నీళ్లకూ మధ్య తేడా ఉండదు, తేడా లేకపోతే ఒంట్లోంచి కరెంట్ పోదు. చాలా అపార్ట్‌మెంట్లలో నిచ్చెనను సిమెంటు సాకెట్‌లో దించి వదిలేస్తారు. మీ దగ్గర ఆ సాకెట్ అడుగున బాండింగ్ తీగ అసలు ఉందా, ఉండి తెగిపోయిందా అన్నది తెలుసుకోవాలి. మామూలు మల్టీమీటర్ ఓమ్స్‌లో పెట్టి చూస్తే, ఒక్క పోగు మిగిలి ఉన్నా సున్నాకు దగ్గరగా చూపించి మోసం చేస్తుంది. కనీసం 200 మిల్లీ ఆంపియర్లు పంపే కంటిన్యుటీ టెస్టర్‌తో చూడాలి. ఎర్త్ పిట్, బాండింగ్, నీళ్లలోని లైట్ల పని మీరొక్కరే చేయొద్దు. లైసెన్స్ ఉన్న కాంట్రాక్టర్ చేయాల్సిన పని అది.

ఆర్‌సీసీబీ రాత్రిళ్లు "ఊరికే" ట్రిప్ అవడం గురించి. అది తన పని తాను చేసింది. రాత్రి వెలిగేవి పూల్ లైట్లు. వాటి ట్రాన్స్‌ఫార్మర్‌కు 230 వోల్టులు వెళ్లే జంక్షన్ బాక్స్‌ను నేనైతే ముందు అనుమానిస్తాను. రాత్రి గాలిలో తేమ పెరిగి చిలుము పట్టిన టెర్మినళ్ల మీద తడి పేరుకోవడం కూడా కారణం కావచ్చు. నీళ్లలో ఉండే లైటుకు 12 వోల్టుల ఏసీని మించి వెళ్లకూడదు. మీవి పాత ఫిట్టింగులైతే, నేరుగా 230 వెళ్తోందేమో మెయిన్ ఆఫ్‌లో ఉండగానే వైరింగ్ చూసి తేల్చుకోండి. లీకేజీ ఎక్కడుందో పట్టడానికి అన్ని సర్క్యూట్లూ ఆఫ్ చేసి, సరిగ్గా పనిచేసే ఆర్‌సీసీబీ మీద ఒక్కొక్కటే ఆన్ చేసుకుంటూ రావాలి. నీళ్లలో గానీ గట్టు మీద గానీ ఎవరూ ఉండకూడదు. లీకేజీ క్లాంప్ మీటర్ దొరికితే ఫేజ్, న్యూట్రల్ రెండింటినీ కలిపి దాని దవడలో పెట్టండి. ఎంత కారుతోందో మిల్లీ ఆంపియర్లలో నేరుగా తెలుస్తుంది.

చిలుము మూడు వారాలకే ఎందుకు తిరిగొస్తోందంటే, పైన కనిపించేదే మీరు తీస్తున్నారు కాబట్టి. ఒక బాక్స్ తెరిచి నిదానంగా చూడండి. మూత రబ్బరు గాస్కెట్ గట్టిపడి, ఒక మూల పగిలి ఉంటుంది. అడుగున చెంచాడు నీళ్లు. టెర్మినల్ స్క్రూ తల మీద పచ్చటి పేస్టు, స్క్రూడ్రైవర్ దిగే గాడి కనపడదు. పాత టేప్ విప్పితే జిగురు వేళ్లకు అంటుకుంటుంది. కింద వైర్ పోగులు రాగి రంగులో కాకుండా నల్లగా ఉంటాయి, వంచితే ఒకటీ అరా పుటుక్కున విరుగుతాయి. ఆ నలుపు కొస దగ్గర ఆగదు. పోగుల మధ్యలోంచి ఉప్పుతేమ ఇన్సులేషన్ లోపలికి పాకుతూ పోతుంది. నల్లబడ్డ రాగిని గీకి మళ్లీ బిగిస్తే ఆ జాయింట్ ఎంతో కాలం నిలవదు. మెరిసే రాగి కనిపించేదాకా వైర్ వెనక్కి కోసుకుంటూ పోవాలి. జానెడు కోసినా నలుపే వస్తుంటే ఆ వైర్ మొత్తం మార్చాల్సిందే.

ఎమెరీ పేపర్ పక్కన పెట్టేయండి. కనెక్టర్ పిన్ను మీద ఉండే తగరం, నికెల్ పూత చాలా పల్చనిది. ఒక్కసారి గీకితే పోతుంది, అడుగున ఉన్న ఇత్తడి బయటపడి మొదటిసారి కంటే తొందరగా పాడవుతుంది. చిలుములోని క్లోరైడ్ ఉప్పు కొంచెం మిగిలినా గాలిలోని తేమను లాక్కుంటూనే ఉంటుంది. స్ప్రే తడిని తరిమేస్తుంది గానీ ఉప్పును కడగదు. మీరు వాడే డబ్ల్యూడీ-40 లాంటివి ఆ పూటకు పనికొస్తాయి, పైన మిగిలే పొర నాలుగు వారాలు కాపలా కాయలేదు.

మార్చకుండా వాడుకోగల కనెక్టర్ అయితే ఇలా చేయండి. కరెంట్ తీసి, విడదీసి, బయటికి తెచ్చాకే. నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చటి నీళ్లలో మెత్తటి బ్రష్‌తో చిలుము వదలగొట్టండి. తర్వాత వంట సోడా నీళ్లతో ఒకసారి కడిగి ఆ పులుపు విరిచేయండి. ఆఖరున బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్‌తో కడగండి. బోరు నీళ్లు వద్దు, ఓఎమ్మార్ బోరుల్లోనే ఉప్పుంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. అప్పటికి పిన్ను మీద గుంటలు కనిపిస్తే, ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి ఉంటే, ఆడ కొస వదులుగా ఉంటే, కడగడంతో ఆపకండి. పారేసి కొత్తది వేయండి.

పారేయడానికి మనసొప్పకపోతే ఈ లెక్క చూడండి. ఒకటిన్నర హెచ్‌పీ సింగిల్ ఫేజ్ పంప్ సుమారు 7 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. పాడైన ఒక జాయింట్‌లో అర ఓమ్ అడ్డు చాలు. కరెంట్‌ను కరెంట్‌తో, తర్వాత అడ్డుతో హెచ్చిస్తే పుట్టే వేడి వస్తుంది. ఏడు ఏడులు నలభై తొమ్మిది, అందులో సగం, అంటే ఇంచుమించు పాతిక వాట్లు. పాతిక వాట్ల సోల్డరింగ్ ఐరన్‌ను ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి రోజంతా ఆన్‌లో వదిలేసినట్టే. లోడ్ కరెంట్ పెరగదు కాబట్టి ఎంసీబీ పడదు. భూమికి కారదు కాబట్టి ఆర్‌సీసీబీ కూడా పడదు. కాలేదాకా ఏదీ పట్టుకోదు.

కొత్త జాయింట్‌కు తగరం పూత ఉన్న రాగి లగ్గు తీసుకోండి. కటింగ్ ప్లయర్‌తో నొక్కొద్దు, సరైన సైజు క్రింపింగ్ టూల్‌తో నొక్కండి. దాని మీద లోపల జిగురు ఉండే హీట్ ష్రింక్ స్లీవ్ వేడి చేయండి. జిగురు అంచుల నుంచి బయటికి ఉబికితేనే తడి చొరబడకుండా మూసుకున్నట్టు. ఇవి రిచీ స్ట్రీట్‌లో దొరుకుతాయి. బాక్స్ కనీసం ఐపీ65 (దుమ్ము, నీటి జల్లు చొరబడని రకం) ఉండాలి. కేబుల్ పై నుంచి దించకుండా కింది నుంచి ఎక్కించండి. బయట ఒక వంపు వదిలితే నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. కేబుల్ బాక్స్‌లోకి దూరేచోట బిగించే గ్లాండ్ కేబుల్ మందానికి సరిపోవాలి, వదులు గ్లాండ్‌కు టేప్ చుట్టడం వద్దు. బిగించాక సిలికాన్ డైఎలక్ట్రిక్ గ్రీజు పల్చగా పూయండి.

క్లోరినేటర్ సెల్ (నీళ్లలో క్లోరిన్ పుట్టించే భాగం) కనెక్టర్ విషయం వేరు. అందులో డీసీ పోతుంది. తడి చేరితే రెండు పిన్నుల మధ్య ఎలక్ట్రాలిసిస్ జరిగి, పోలారిటీ మారని పాత రకమైతే పాజిటివ్ పిన్ సన్నబడుతూ పోతుంది. రెండు పిన్నులూ పక్కపక్కన పెట్టి చూస్తే కంటికే తెలుస్తుంది. సాధారణంగా ఆ తడి పై నుంచి పడదు, సెల్‌ను పైపుకు కలిపే యూనియన్ దగ్గర నీళ్లు చెమరుస్తుంటాయి. అక్కడి రబ్బరు ఓ-రింగ్ మార్చకుండా కనెక్టర్ ఎన్నిసార్లు మార్చినా అంతే.

ఇంతకంటే ముఖ్యమైంది, డబ్బు ఖర్చు కానిది ఒకటి. పంప్ రూమ్‌లో యాసిడ్ క్యాన్లు పెడుతున్నారా? ఉత్తరంలో రాయలేదు గానీ, చాలాచోట్ల పెడతారు. మూత ఎంత బిగించినా హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఆవిరి వస్తూనే ఉంటుంది, రాగిని అదే తినేస్తుంది. మీ పూల్ నీళ్లలో ఉప్పు లీటరుకు మూడు, నాలుగు గ్రాములే, సముద్రంలో ముప్పై అయిదు దాకా ఉంటుంది. ఉప్పునీటి పద్ధతి మొత్తం తప్పు కాకపోవచ్చు. యాసిడ్ వేరే గదికి మార్చండి. లిక్విడ్ క్లోరిన్‌ను దాని పక్కన అసలే పెట్టొద్దు, రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది. గదిలో గాలి బయటికి తోసే ఫ్యాన్ పెట్టించండి. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫాను వానలకు ఆ గది గనక మునిగి ఉంటే, అప్పుడు తడిసిన ప్యానెల్‌ను ఆరబెట్టి వాడుకుంటున్నారేమో కూడా కనుక్కోండి.

మీరు చేయగల పనులకు ముందు మూడు జాగ్రత్తలు. నియాన్ టెస్టర్‌ను నమ్మొద్దు, మల్టీమీటర్‌తో చూసి కరెంట్ లేదని తేల్చుకోండి. పంప్ కెపాసిటర్ డిశ్చార్జ్ చేశాకే చేయి పెట్టండి. ఇన్సులేషన్ పరీక్షించే 500 వోల్టుల మెగ్గర్ పెట్టేముందు క్లోరినేటర్ బోర్డు, ఎల్ఈడీ డ్రైవర్ విడదీయండి, లేకపోతే అవి పోతాయి. పంప్ వైండింగ్‌కూ బాడీకీ మధ్య ఒక మెగా ఓమ్ కంటే తక్కువ వస్తే ఆ పంప్ మళ్లీ బిగించొద్దు.

ఇప్పుడు బావ.

పూల్ ముందు మూయమని అంత గట్టిగా చెప్పడానికి ఇదీ ఒక కారణం. పూల్ తెరిచి ఉన్నంతసేపు మీకు బావతో నెమ్మదిగా మాట్లాడే వీలుండదు, ప్రతి గంటా ఎవరి పిల్లలో నీళ్లలో ఉంటారు. మూసేస్తే మీకు రెండు, మూడు రోజులు దొరుకుతాయి. ఆయన పరువు నిలబెట్టడానికి ఆ సమయం చాలు.

సైట్‌లో, నలుగురిలో అడగొద్దు. ఇంటికి వెళ్లండి, అక్క వంటింట్లో ఉన్నప్పుడు మిద్దె మీదికి తీసుకెళ్లి మాట్లాడండి. "నువ్వే కదా చేసింది" అని మొదలుపెడితే అక్కడే తలుపు మూసుకుంటుంది. "బావా, ప్యానెల్ తెరిచి చూశా. ఆర్‌సీసీబీ బైపాస్ అయి ఉంది. పంప్ ఎర్త్ ఊడిపోయింది. నిచ్చెన దగ్గర పాపకు షాక్ తగిలింది. మూడూ ఒకే పూల్‌లో ఉన్నాయి. రేపు కంపెనీకి రిపోర్ట్ ఇద్దాం, ఇద్దరి పేర్ల మీదా ఇద్దాం" అనండి. ఫోటోలు చూపించండి. రిపోర్ట్‌లో ఏముందో రాస్తారు, ఎవరు చేశారో రాయనవసరం లేదు. ఫలానా తేదీన తనిఖీ చేస్తే ఆర్‌సీసీబీ సర్క్యూట్‌లో లేదు అంటే చాలు. ఎవరు చేశారని పైవాళ్లు అడిగితే మాత్రం అబద్ధం చెప్పొద్దు. నాకు తెలిసినంతలో, ఇలాంటి పని చేసే సూపర్‌వైజర్లలో ఎక్కువమంది చెడ్డవాళ్లు కారు. అర్ధరాత్రి ఫోన్లకు విసిగిపోయి రేపు చూద్దాం అనుకుంటారు, ఆ రేపు రాదు. లోపం తానే కనిపెట్టి తానే సరిచేయించినట్టు నిలబడే అవకాశం ఆయనకు ఇవ్వండి. ఒప్పుకుంటే మీ ఇంటి విషయం ఇంట్లోనే ముగుస్తుంది, ఉద్యోగాలు ఇద్దరివీ నిలబడతాయి.

ఒప్పుకోకపోవచ్చు. "నీకెందుకురా, నేను చూసుకుంటా" అనొచ్చు. అప్పుడు మీ ముందు మూడు దారులు కనిపిస్తున్నాయి.

మీరే కంపెనీ మేనేజర్‌కు, అసోసియేషన్ సెక్రటరీకి ఒకేసారి రాతపూర్వకంగా తెలియజేయడం మొదటిది. నేనైతే దీనివైపే మొగ్గుతాను. నోటిమాట వద్దు, మెయిల్ గానీ వాట్సాప్ గానీ, ఫోటోలతో, తేదీతో. దీనికి మూల్యం ఉంటుంది. బావ కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు, అక్క ఏడవొచ్చు, మిమ్మల్ని వేరే సైట్‌కు మార్చొచ్చు. పండక్కి ఊరెళ్తే ఇబ్బందిగా ఉంటుంది. కానీ గోరుతో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోకుండా ఆపినవాళ్లు మీరవుతారు. జరగరానిది జరిగితే ముందు పోలీసులు అడిగేది సూపర్‌వైజర్‌నే. నిర్లక్ష్యంతో ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106 సెక్షన్ కింద అయిదేళ్ల వరకు జైలు. 2023 డిసెంబర్ చివర్లో బెంగళూరు వర్తూరు వైపు ఒక అపార్ట్‌మెంట్ పూల్‌లో ఒక బాలిక చనిపోయింది, కరెంట్ వల్లేనన్న అనుమానంతో కేసు నడిచింది, నిర్వహణ చూసేవాళ్లు అరెస్టయ్యారు. అక్క కాపురం గురించి మీ ఆవిడ భయపడటం న్యాయమే. ఈ సంగతి ఆమెకు చెప్పండి. ఆ కాపురానికి అసలు ప్రమాదం ఆ ప్యానెల్‌లోనే ఉందని ఆమెకే అర్థమవుతుంది.

ఎవరికీ చెప్పకుండా రాత్రికి రాత్రి మీరే ఆర్‌సీసీబీ తిరిగి కలిపేయడం రెండో దారి. మనసు దీనివైపే లాగుతుంది, గొడవ ఉండదు కాబట్టి. కానీ లీకేజీ అలాగే ఉంది కాబట్టి అది మళ్లీ ట్రిప్ అవుతుంది, మళ్లీ ఎవరో బైపాస్ చేస్తారు. ఈసారి చేసింది మీరేనని కూడా అనొచ్చు, ఎందుకంటే ఆఖరుసారి ప్యానెల్ తెరిచింది మీరు. ఆర్‌సీసీబీ తిరిగి కలపండి, తప్పకుండా కలపండి. లాగ్ బుక్‌లో రాసి, నలుగురికీ తెలిసేలా కలపండి.

ఉద్యోగం మానేసి వెళ్లిపోవడం మూడోది. చెన్నైలో పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌కు ఇంకో ఉద్యోగం దొరక్కపోదు. ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు, రెండు నెలల జీతం లేకపోతే ఎలాగో మీకే తెలియాలి. వెళ్లినా రాసి ఇచ్చి వెళ్లండి. రాయకుండా వెళ్తే మీ తర్వాత వచ్చే కుర్రాడికి ఆ ప్యానెల్ సంగతి తెలియదు, ఈతకొచ్చే పిల్లలకూ తెలియదు.

అసోసియేషన్ వాళ్లతో మాట్లాడాల్సి వస్తే ఓమ్స్, ఆంపియర్లు చెప్పొద్దు. "సార్, పాపకు షాక్ తగిలింది. షాక్ కొట్టకుండా ఆపే స్విచ్ పనిచేయడం లేదు. పరీక్ష రిపోర్ట్ వచ్చేదాకా తెరవలేం" అని మూడు ముక్కల్లో చెప్పండి. రిపోర్ట్ అంటే ఏంటని అడుగుతారు. లైసెన్స్ ఉన్న కాంట్రాక్టర్ సంతకంతో ఇన్సులేషన్ రెసిస్టెన్స్, ఆర్‌సీసీబీ ఎన్ని మిల్లీ ఆంపియర్ల దగ్గర ఎంత సమయంలో పడింది, ఎర్త్ పిట్ రెసిస్టెన్స్, నిచ్చెన నుంచి ఎర్త్ బార్ దాకా కంటిన్యుటీ, ఈ నాలుగు అంకెలు కాగితం మీద ఉండాలి. "బాగుంది" అని రాసిస్తే తీసుకోవద్దు. ఆర్‌సీసీబీ మీద ఉండే 'టీ' (టెస్ట్) బటన్ నొక్కి చూపిస్తే సరిపోతుందని కొందరంటారు. ఆ బటన్ పరికరం కదులుతోందని చెబుతుంది తప్ప, ఎర్త్ తీగ ఉందో లేదో చెప్పదు. సెలవుల్లో పూల్ మూస్తే అరుస్తారన్న మీ బావ భయం నిజమే, కొందరు అరుస్తారు. షాక్ తగిలిన పాప మాట చెప్పాక ఏ తల్లీ తండ్రీ మీ మీద అరవడం కొనసాగిస్తారని నేను అనుకోను.

పరీక్షలు అయ్యాయి, అంకెలు బాగున్నాయి అనుకోండి. అక్కడితో వదిలేయొద్దు. నెలకోసారి టీ బటన్, ఎర్త్ లగ్గులు కంటితో చూడటం. ఏటా అక్టోబర్‌లో ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యేలోపు అన్ని బాక్సులూ తెరిచి గాస్కెట్లు మార్చడం, మళ్లీ మెగ్గర్. తేదీ, అంకె, సంతకం లాగ్ బుక్‌లో ఉండాలి.

మీకు ఐటీఐ ఉంది, అనుభవం ఉంది. వైర్‌మన్ కాంపిటెన్సీ సర్టిఫికెట్ ఉందో లేదో రాయలేదు. లేకపోతే తమిళనాడు ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డుకు ఈ ఏడాదే దరఖాస్తు పెట్టండి. అది చేతిలో ఉంటే "నడిపించు" అని ఎవరన్నా, "నా లైసెన్స్ పోతుంది, నేను చేయను" అనడానికి మీకొక ఆధారం ఉంటుంది, ఆ మాట అన్నది బావైనా సరే.